మావిస్ ఆంటీకి నేను చదవని పేజీ

ఆ రోజు నేను ఒక పేజీ చదవలేదు. అలా అంటే అదీ అబద్ధమే అవుతుంది. చదివాను. కళ్ళతో మొత్తం చదివేసి, పక్కన కూర్చున్న మనిషికి మాత్రం అక్కడేమీ లేదని చెప్పాను. ఆమెకి చదివే చూపు లేదు. ఆ సంగతి తెలిసే చెప్పాను.

తొమ్మిదేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. మా ఆవిడకి చెప్పలేదు. స్నేహితులకి చెప్పే ప్రశ్నే లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే నమ్మకండి. ఇన్నేళ్ళలో నా తరఫున నేను చాలాసార్లు వాదించుకున్నాను. ప్రతిసారీ నేనే గెలిచాను. గెలిచిన ప్రతిసారీ ఆమె తల పక్కకి తిప్పి నా వైపు చూడబోయిన ఆ క్షణం గుర్తొచ్చేది.

ఆమె పేరు మావిస్. ఆక్లండ్‌లో హెండర్సన్ వైపు ఆమె ఇల్లు. ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఆ ఇంటి పెరట్లో విడిగా ఉన్న గదిలో అద్దెకి దిగాను. రెండో నెలలోనే నేను పనిచేసే డెయిరీలో, అంటే వీధి చివరి చిన్న కొట్లో, నన్ను తీసేశారు. ఆ సాయంత్రం ఆమె వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళ మగాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఏమీ అడగలేదు. టోస్ట్ మీద వెన్న రాసి ప్లేటు నా ముందుకి జరిపింది. మర్నాటి నుంచి వారం వారం ఒక అట్టపెట్టె నా గది గుమ్మంలో ఉండేది. బియ్యం, బీన్స్ డబ్బాలు, పాలపొడి. వాళ్ళ చర్చివాళ్ళు లేనివాళ్ళకి ఇచ్చే సరుకులు. నాలుగు నెలలు అవే తిన్నాను. ఒక్కసారి కూడా చర్చికి రమ్మని ఆమె నన్ను అడగలేదు.

వాళ్ళు మోర్మన్లు, క్రైస్తవంలో ఒక శాఖవాళ్ళు. ఆ మతంలో చనిపోయినవాళ్ళ పేర్లు వెతకడం ఒక బాధ్యత. మనం తద్దినం రోజున తండ్రి, తాత, ముత్తాత అని మూడు పేర్లు చెప్పి ఆగిపోతాం. వాళ్ళు ఆగరు. ఓడల జాబితాలు, చర్చి రిజిస్టర్లు, పాత డైరీలు తిరగేస్తూ ఎంత వెనక్కి వెళ్ళగలిగితే అంత వెనక్కి వెళ్తారు. అందులోనూ మొదటి తరంవాళ్ళ సంతానం అనిపించుకోవడం వాళ్ళకి పెద్ద గౌరవం. ఇంగ్లండులో ఆ మతం పుచ్చుకుని, ఓడెక్కి అమెరికా చేరి, అక్కడి మైదానాలన్నీ కాలినడకన దాటి ఉప్పు సరస్సు దగ్గర స్థిరపడ్డవాళ్ళు ఆ మొదటి తరం. ఎద్దుల బండి లేని పేదవాళ్ళు సామాను చేతిబండి మీద వేసుకుని మనుషులే లాక్కుంటూ నడిచారు.

మావిస్ ఆంటీ తాతగారి తల్లి ఎలైజా వుడ్. పదకొండేళ్ళ వయసులో అలా చేతిబండి వెనకాల నడిచిందని వాళ్ళింట్లో చెప్పుకునేవారు. ఎలైజా కొడుకు మతప్రచారానికి న్యూజిలాండ్ వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. ఆ కుటుంబంలో తరతరాలుగా మిగిలిన మాట ఒక్కటే. "ఎలైజా తనవి కాని బూట్లు వేసుకుని నడిచింది." ఎవరి బూట్లో ఎవరికీ తెలియదు. ప్రతి జూలైలో, ఆ నడకని తలుచుకునే రోజున, చర్చి పిల్లలు పొడవాటి గౌన్లు వేసుకుని ఇక్కడి చలికాలపు వానలో ఒక బండిని మైదానం చుట్టూ లాగుతారు. తర్వాత లోపల వేడి సూప్ తాగుతూ మావిస్ ఆంటీ చుట్టూ చేరతారు. నలభై ఏళ్ళు ఆమె వాళ్ళకి ఆ బూట్ల కథ చెప్పింది.

డెబ్బై ఎనిమిదో ఏట ఆమెకి ఒక కోరిక పుట్టింది. ఎలైజా పేరు పాత కాగితాల్లో ఎక్కడైనా సిరాతో రాసి ఉంటే చూడాలని. చూడాలని అంటే వినాలని. అప్పటికే ఆమె కంటి నడిమి భాగం పోయింది. అంచుల్లో మాత్రమే మసకగా కనిపించేది. మన ముఖం చూడాలంటే తల పక్కకి తిప్పుకుని చూసేది. అక్షరాలు అసలు చదవలేకపోయేది. కూతురు హెలెన్ హామిల్టన్‌లో ఉండేది, తీరిక తక్కువ. నేను అప్పటికి ఉద్యోగంలో కుదురుకుని, పెళ్ళి చేసుకుని, హాబ్సన్‌విల్‌లో ఇల్లు కట్టుకుంటున్నాను. శనివారాలు వెళ్ళి ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. పాత దస్తూరీ చదవడం త్వరగానే పట్టుబడింది. ఆ పనిలో మొదటి సూత్రం నాకు ఆమే నేర్పింది. ఒక పేరు దొరికిందని సంబరపడి ఆగకూడదు. తర్వాతి పేజీ కూడా చూడాలి.

అప్పుడే మా గృహప్రవేశం వచ్చింది.

ఆమెని నేనే పిలిచాను. చీరల మధ్య నీలం గౌనులో, చేతికర్రతో, ఆమె ముందు గదిలో కూర్చుంది. మావాళ్ళు ఓ నలభై మంది. నేను ఉద్యోగం మీదే నేరుగా ఈ దేశం వచ్చానని వాళ్ళందరి నమ్మకం. మా మామగారికి కూడా అలాగే చెప్పి పెళ్ళి చేసుకున్నాను. ఎవరో మర్యాదకి ఆమెని అడిగారు, మావాడు మీకెలా తెలుసని. ఆమె మురిసిపోతూ మొత్తం చెప్పింది. పెరట్లో గది. డెయిరీలో తీసేయడం. నా ఏడుపు. అట్టపెట్టెలు. "ఈరోజు ఇంత ఇల్లు కట్టాడు చూడండి! నా సొంత కొడుకు కట్టినట్టుంది నాకు" అని కళ్ళు తుడుచుకుంది.

 నా స్నేహితుడు ప్రసాద్ విస్తరి ముందు నుంచే గొంతెత్తాడు.

"ఏం గురూ! చర్చి బియ్యం బాగానే ఒంటబట్టినట్టుందే!"

నవ్వులు.

"కాస్త పులిహోర వడ్డించవయ్యా. హల్లెలూయ అనాలా ఏంటి?"

ఇంకా పెద్ద నవ్వులు. నేనూ నవ్వాను. మావిస్ ఆంటీకి మాటలు అర్థం కాలేదు. అందరూ సంతోషంగా ఉన్నారనుకుని తనూ నవ్వింది. ఆ నవ్వే నేను క్షమించలేకపోయాను. వంటింట్లో మా ఆవిడ శైలజ గిన్నె దించుతూ అడిగింది, "అయితే మా నాన్నకి చెప్పిందంతా ఏంటండీ?" నేను మంచినీళ్ళ జగ్గు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయాను.

ఆమె చేసిన తప్పేమిటి? నా మీద ప్రేమతో నిజం చెప్పింది. అబద్ధం ఆడింది నేను. ఎగతాళి చేసింది ప్రసాద్. కానీ ప్రసాద్‌తో మర్నాడు కూడా ఫోన్లో నవ్వుతూ మాట్లాడాను. మా మామగారికి ఇంకో అబద్ధం చెప్పి సర్దుకున్నాను. కోపం అంతా తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వెళ్ళింది, ఎందుకంటే నన్ను తిరిగి ఏమీ చేయలేని మనిషి నాకు తెలిసినవాళ్ళలో ఆమె ఒక్కతే. ఈ మాట రాయడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

తర్వాతి శనివారం వెళ్ళాను. వెళ్ళడం మానేసి ఉంటే ఎంత బాగుండేది.

అలా నడిచివెళ్ళిన ప్రతి బృందంలోనూ ఒక గుమాస్తా ఉండేవాడు. రోజూ ఎన్ని మైళ్ళు నడిచారో, ఎవరు పుట్టారో, ఎవరు పోయారో రాసేవాడు. అలాంటి ఒక డైరీ ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరికాయి. వుడ్ అనే ఇంటిపేరు కోసం పేజీలు తిప్పుతూ పోతున్నాను. ఆమె నా పక్కన కుర్చీలో ఊలు చుడుతోంది. ఎలైజా పేరు కనిపించింది. నా చెయ్యి ఆగింది.

"ఏదైనా దొరికిందా, లవ్?" అంది. ఇక్కడి పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని అలాగే పిలుస్తారు.

"దొరికింది ఆంటీ."

"చదువు. నెమ్మదిగా చదువు."

చదివాను. ఆ రోజు పన్నెండు మైళ్ళు నడిచారు. చలి. సాయంత్రం వుడ్ గారి అమ్మాయి ఎలైజా, పదకొండేళ్ళు, జ్వరంతో పోయింది. నది ఒడ్డున పూడ్చారు.

ఊలు ఆగిపోయింది.

"పోయిందా?"

"అలాగే రాశాడు ఆంటీ."

"ఆమె పోతే మా తాత ఎలా పుట్టాడు?"

అప్పటికే తర్వాతి పేజీ తెర మీదకి తెచ్చాను. మొత్తం చదివాను. గుమాస్తా చిన్న చిన్న అక్షరాలతో రాశాడు. పోయిన పిల్ల వుడ్ అన్నదమ్ముల్లో అన్నగారి కూతురు. తమ్ముడికీ అదే వయసు కూతురుంది, ఆమె పేరూ ఎలైజానే, ఇద్దరికీ నాయనమ్మ పేరు పెట్టారు. పోయిన పిల్ల తల్లి మర్నాడు పొద్దున తన కూతురి బూట్లు తెచ్చి, అప్పటిదాకా కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని నడుస్తున్న ఈ ఎలైజాకి తొడిగింది.

నాకు రెండోసారి చదవాల్సిన అవసరం రాలేదు. మా ఇంట్లో మా తాత పేరు నాకూ, మా పెదనాన్న కొడుక్కీ ఉంది. స్కూల్లో మార్కుల కార్డులు తారుమారయ్యేవి. అన్నదమ్ముల పిల్లలకి ఒకే పేరు ఎలా వస్తుందో ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు. ఎవరి బూట్లో కూడా ఇప్పుడు తెలుసు. నూట యాభై ఏళ్ళకు పైగా ఆ కుటుంబం అడుగుతున్న ప్రశ్నకి జవాబు నా ముందు వెలుగుతోంది.

"తర్వాతి పేజీ చూడు" అంది ఆమె.

"చూశాను."

"ఏముంది?"

"ఖాళీ."

"ఖాళీయా?"

"అవునాంటీ. తెల్ల కాగితం."

ఆమె తల పక్కకి తిప్పి నా ముఖం చూడబోయింది. ఏం కనిపించిందో తెలియదు. నేను ముఖం తిప్పుకోలేదు. తిప్పుకోవాల్సిన అవసరం లేదు కదా!

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "బహుశా ఇంకెవరో ఆ పిల్ల పేరు పెట్టుకుని బతికి ఉండొచ్చు ఆంటీ" అన్నాను. "అంటే దొంగ పేరా?" అంది. "అంత మాట అనలేను. అప్పట్లో ఇలాంటివి జరుగుతుండేవి" అన్నాను. ఎంత నిదానంగా అన్నాను! పక్షపాతం లేని పరిశోధకుడిలా. ఆమె ఊలు ఉండ పక్కన పెట్టేసింది. తర్వాత, "మా చెట్టులోంచి ఆమెని తీసెయ్యి. అబద్ధం ఉండకూడదు" అంది. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి నింపుకునే వంశవృక్షం అది. ఎలైజా దగ్గర తెంపేశాను. పైన ఉన్నవాళ్ళంతా ఒక్క నొక్కుతో పోయారు. టీ తాగి ఇంటికొచ్చాను. ఆ రోజు నాకు ఆకలి బాగా వేసింది. ఆ సంగతి కూడా చెప్పాలి కదా.

వాళ్ళ చర్చిలో నెలకో ఆదివారం ఎవరైనా లేచి తమ మనసులో మాట చెప్పుకోవచ్చు. ఆ ఆదివారం కారులో ఆమెని నేనే తీసుకెళ్ళాను. ఆమె చేతికర్ర ఊతంతో లేచి నిలబడింది.

"నలభై ఏళ్ళుగా మీ పిల్లలకి ఒక కథ చెప్పాను. అది మా కథ కాదని ఇప్పుడు తెలిసింది. తెలియక చెప్పాను. క్షమించండి."

అంతే చెప్పి కూర్చుంది. నేను చివరి వరసలో ఉన్నాను. నలుగురి ముందు ఆమె తల దించుకుంది. చెల్లుకి చెల్లు అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆమె నా మోచెయ్యి తట్టి, "నువ్వు కాబట్టి దాచకుండా చెప్పావు, లవ్. ఇంకొకరైతే ముసలిదాన్ని బాధపెట్టడం ఎందుకని అబద్ధం చెప్పేవాళ్ళు" అంది.

ఆ తర్వాత పది నెలలు బతికింది. పది నెలల్లో ఎన్ని శనివారాలు? ఏ ఒక్కరోజైనా పొరపాటు పడ్డానని చెప్పొచ్చు. అబద్ధమని ఒప్పుకోనక్కర్లేదు, పేజీ తప్పు చూశానంటే చాలు, ఆమె నవ్వి వెన్న రాసిన రొట్టె ఇచ్చేది. మొదట్లో కసితో చెప్పలేదు. కసి తీరాక సిగ్గుతో చెప్పలేదు. ఆ జూలైలో ఆమె చర్చికి వెళ్ళలేదు. హెలెన్‌కి మనవరాలు పుట్టింది. ఎలైజా అని పెడదామంటే ఆమె వద్దంది. "మనది కాని పేరు మనకెందుకు?"

ఒకరోజు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పోయిన పిల్లకి ఎవరూ లేరు కదా. నేనే రోజూ తలుచుకుంటున్నాను. ఆమె బూట్లు ఏం చేసుంటారు, లవ్? పూడ్చేస్తారా? ఎవరికైనా ఇస్తారా?"

నా నోటి చివర ఉంది. ఇచ్చారు ఆంటీ, మీ ముత్తవ్వకి ఇచ్చారు. ఎనిమిది మాటలు కూడా లేవు.

"తెలీదు ఆంటీ" అన్నాను.

ఏప్రిల్‌లో పోయింది. శవపేటిక మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి. హెలెనే అడిగింది. "అమ్మకి నువ్వంటే చాలా నమ్మకం" అంది. మోశాను. ఆమె అంత తేలిగ్గా ఉంటుందని అనుకోలేదు.

ఈ ఏడాది మార్చిలో హెలెన్ ఫోన్ చేసింది. అమ్మ పెట్టెలు ఖాళీ చేస్తున్నానని, ఎలైజా కాగితాలన్నీ పారేయబోతున్నానని, పారేసే ముందు ఒకసారి నన్ను అడుగుదామనుకున్నానని. "అందులో నిజం ఏమీ లేదు కదా?" అంది.

లేదని చెబితే అయిపోయేది. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. నేను ఆ శనివారం రెండు పేజీలూ ప్రింటు తీసుకుని హామిల్టన్ వెళ్ళాను. ఆమె సోఫాలో కూర్చుంది. నేను నిలబడే చదివాను. మొదటి పేజీ, తర్వాత రెండోది. బూట్ల దగ్గర ఆమె చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

"ఇది ఎప్పుడు దొరికింది?"

"అదే రోజు."

"అమ్మ అడిగిందా, తర్వాతి పేజీలో ఏముందని?"

"అడిగింది."

"నువ్వేమన్నావు?"

చెప్పాను. ఆమె అరవలేదు. "మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఆ పేరు ఇక పెట్టలేను" అంది. నేను క్షమించమన్నాను. "నన్నెందుకు అడుగుతావు? మా అమ్మ ఎవరి ముందు నిలబడి క్షమాపణ చెప్పుకుందో వాళ్ళకి చెప్పు. కాగితాలు అక్కడ పెట్టి వెళ్ళు" అంది.

ఆ చర్చి పెద్దకి ఫోన్ చేసి అనుమతి అడిగాను. తర్వాతి నెల ఆదివారం వెళ్ళి నిలబడ్డాను. అప్పుడు ఆమె మాట విన్నవాళ్ళలో సగం మంది లేరు. కొందరు పోయారు, కొందరు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. కొత్త ముఖాలు నా వైపు అర్థంకానట్టు చూశాయి. మావిస్ చెప్పిన కథ ఆమెదేనని, ఆమె మీకు క్షమాపణ చెప్పాల్సిన అవసరమే లేదని, చెప్పించింది నేనని, అదంతా కావాలనే చేశానని చెప్పాను. రెండో పేజీ చదివాను. వెనక ఒక పసిపిల్ల ఏడుస్తూనే ఉంది.

బయట వరండాలో సమోవా దీవులకి చెందిన ఒక పెద్దాయన నన్ను ఆపాడు. మావిస్‌తో కలిసి ముప్ఫై ఏళ్ళు పాటలు పాడినవాడట.

"ఎందుకు చేశావు?"

"మా ఇంట్లో ఆమె మాటల వల్ల నలుగురు నన్ను చూసి నవ్వారు."

నేను ఇంకా ఏదో చెబుతానేమోనని ఆయన ఆగాడు.

"అంతేనా?"

"అంతేనండీ."

ఆయన తల ఊపలేదు. చెయ్యి చాపలేదు. చేతిలో పాటల పుస్తకం అరలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి వంశవృక్షంలో తెంపిన చోట మళ్ళీ కలిపాను. పోయిన ఎలైజాకీ పక్కన ఒక పేజీ తెరిచి, ఇద్దరూ ఒకరు కాదు, అన్నదమ్ముల పిల్లలని స్పష్టంగా రాశాను. ఏ మార్పు చేసినా కారణం రాయమని అక్కడొక గడి అడుగుతుంది. అందులో ఇలా రాశాను. "ఇంతకుముందు తెంపింది నేనే. రుజువు నా ముందే ఉంది. చదవలేని మనిషికి లేదని చెప్పాను." కింద నా పేరు, ఇంటిపేరుతో సహా పెట్టాను.

అక్కడ పెట్టగలిగాను, ఎందుకంటే అది చూసేవాళ్ళెవరికీ నేను తెలియదు. ఇక్కడ పెట్టలేకపోతున్నాను, మావాళ్ళ పేర్లు కూడా మార్చే రాశాను. ఇది చదివేవాళ్ళలో మావాళ్ళు ఉంటారు, ప్రసాద్ ఉంటాడు, మా మామగారు ఉంటారు. చూశారా, ఇంకా అక్కడే ఉన్నాను. శైలజకి మాత్రం ఈరోజు ఇదంతా ఇచ్చి చదవమంటాను. ఆమె ఏమంటుందో తెలియదు. మీకు చెప్పేశాక గుండెల్లో కాస్త ఖాళీ దొరికింది, ఊపిరి నిండుగా అందుతోంది. అది నాకు రావాల్సిందేనా? తెలియదు. అందుతోంది, అంతవరకే చెప్పగలను.